జేసీబీ దిగకముందే: రోడ్డు కింద ఏముందో కనుక్కోవడం ఎలా

రోడ్డు రిపేరు పనిలో ఒక తిరకాసు ఉంది. రోడ్డు ఎక్కడ కుంగితే అక్కడ తవ్వుతాం, కానీ రోడ్డు ఊరికే కుంగదు. కింద నీళ్ళ పైపు కారుతుంటేనో, పాత డ్రైనేజీ కూలితేనో, ఎవరో కేబుల్ వేసి మట్టి సరిగా దిమ్మిస కొట్టకుండా వెళ్ళిపోతేనో కుంగుతుంది. కర్నూలు నల్లరేగడి సంగతి చెప్పనే అక్కర్లేదు, ఎండాకాలం నెర్రెలిస్తుంది, నాలుగు వానలు పడగానే ఉబ్బుతుంది, ఏటా ఈ ఆటలో పైపు జాయింట్లు వదులై కారడం మొదలవుతుంది. అంటే మనం తవ్వబోయే చోటే భూమిలో ఏదో ఒకటి ఉండే అవకాశం మామూలుకన్నా ఎక్కువ. అందుకే "చిన్న ప్యాచ్ పనే కదా సార్, దానికి సర్వే ఎందుకు" అనే మాట నాకు అస్సలు నచ్చదు.

ఇది రాస్తున్నది కర్నూలు, అనంతపురం, కడప వైపు చిన్న చిన్న రోడ్డు పనులు చేయించే సూపర్‌వైజర్లకు, మేస్త్రీలకు, వార్డు సచివాలయంలో పని చూసుకునే ఇంజినీరింగ్ పిల్లలకు. పెద్ద హైవే ప్యాకేజీలకు సర్వే టీములు వేరే ఉంటాయి, వాళ్ళ దారి వాళ్ళది. మన దగ్గర ఉండేది ఒక జేసీబీ, ఒక ట్రాక్టరు, పదిమంది కూలీలు, రెండు రోజుల గడువు. ఆ రెండు రోజుల్లో ఒక పూట దీనికి పెట్టండి.

ముందుగా ఒక మాట. పై బీటీ (తారు) పొరను చతురస్రంగా కోసి మళ్ళీ నింపే గుంతల పనికి ఈ తతంగమంతా అక్కర్లేదు, చుట్టూ తిరిగి గుర్తులు చూసుకుంటే చాలు. కింది బేస్ కూడా పోయింది, మెటల్ (కంకర) తీసి మట్టి దాకా వెళ్ళాలి అనుకున్నప్పుడు మాత్రం మొత్తం చేయాల్సిందే. అలాగని పై పొరే కదా అని గుడ్డిగా కట్టర్ పెట్టొద్దు, బీటీ కింద నాలుగు వేళ్ళ లోతులో కేబుల్ పరిచి పోయిన పుణ్యాత్ములు కూడా ఉన్నారు.

కాగితాలు, ఫోన్లు

ఎవరి వస్తువు ఎవరిదో తెలిస్తే సగం పని అయినట్టే. మూడు జిల్లాల్లోనూ కరెంటు ఏపీఎస్పీడీసీఎల్‌ది, సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) దగ్గరికి వెళ్ళాలి. ఊళ్ళో నీళ్ళు, డ్రైనేజీ కార్పొరేషన్ లేదా మున్సిపాలిటీ ఇంజినీరింగ్ విభాగానివి, పల్లెల్లో తాగునీటి లైన్లు ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) వాళ్ళవి. టెలిఫోన్ కేబుళ్ళు బీఎస్‌ఎన్‌ఎల్‌వి, ప్రైవేటు కంపెనీలవి. ఏపీ ఫైబర్‌నెట్ ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగా పోతుంది కాబట్టి దానితో భూమిలో పేచీ తక్కువ. అనంతపురం, కడప వైపు ఇళ్ళకు గ్యాస్ పైపులు కూడా పడుతున్నాయి, దీన్ని మాత్రం ఎవరూ మర్చిపోవద్దు, ఎందుకంటే పాత మేస్త్రీల బుర్రలో గ్యాస్ పైపు అనే మాటే ఉండదు.

కేంద్రం తెచ్చిన 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్ ఒకటి ఉంది. 2023 మార్చి 22న ప్రధాని ప్రారంభించారు. తవ్వబోయే చోటును మ్యాప్ మీద గుర్తించి వివరాలు పెడితే, అక్కడ లైన్లున్న సంస్థలకు మెసేజ్ వెళ్తుంది, వాళ్ళు జవాబిస్తారు. తవ్వేవాళ్ళు పోర్టల్ ద్వారా ముందుగా తెలియజేయాలని 2023 జనవరిలోనే టెలికాం వైపు నుంచి నిబంధనలు కూడా వచ్చాయి. కాబట్టి ఇది మొహమాటానికి చేసే పని కాదు, చేయాల్సిన పని. పైగా రేపు కేబుల్ తెగి బిల్లు మన మీదికి వస్తే "మేం అడిగాం, ఇదిగో తేదీ" అని చూపించుకోవడానికి కాగితం ఉంటుంది. అయితే యాప్‌లో ఎవరూ జవాబివ్వకపోతే అక్కడ ఏమీ లేదని అర్థం చేసుకోవద్దు. ఎవరో ఇంకా చూడలేదని అర్థం. ఫోన్ చేయండి, మనిషిని పంపండి, వాట్సాప్‌లో లొకేషన్ పెట్టండి.

ఆఫీసుకు వెళ్ళినప్పుడు "ఇక్కడ ఏమైనా ఉందా సార్" అని అడిగితే "ఏం లేదులేప్పా, తవ్వుకోండి" అనే జవాబే వస్తుంది. ప్రశ్న మార్చండి. రోడ్డుకు ఏ పక్క, ఎన్ని లైన్లు, ఏ సైజు, దేనితో చేసినవి, ఏ సంవత్సరం వేశారు, మధ్యలో జాయింట్లు ఎక్కడ, రోడ్డును ఎక్కడ అడ్డంగా దాటుతాయి. డ్రాయింగ్ ఇస్తే ఫొటో తీసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, డ్రాయింగ్ మీద "రోడ్డు అంచు నుంచి 1.5 మీటర్లు" అని ఉంటే ఏ రోడ్డు అంచు అని అడగండి. కేబుల్ వేసినప్పుడు ఆ రోడ్డు ఇరవై అడుగులు ఉండొచ్చు, ఇప్పుడు నలభై. అప్పుడు మార్జిన్‌లో ఉన్న కేబుల్ ఇప్పుడు వాహనాలు పోయే దారి నడిమధ్యన ఉంటుంది. కాంపౌండ్ గోడ, గుడి మెట్లు, కల్వర్టు గోడ లాంటి కదలని వస్తువు నుంచి కొలిచిన డ్రాయింగ్ అయితే కాస్త విలువివ్వొచ్చు.

లోతు విషయంలో కూడా అంతే. కేబుళ్ళు వేయడానికి ఐఎస్ 1255 అనే ప్రమాణం ఉంది, దాని ప్రకారం ఎల్‌టీ (ఇళ్ళకు పోయే తక్కువ వోల్టేజీ) కేబుల్ కనీసం 0.75 మీటరు, 11 కేవీ 0.9 మీటరు, 33 కేవీ 1.05 మీటరు లోతులో ఉండాలి, రోడ్డు దాటే చోట మీటరు ఉండాలి. ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి గానీ వీటిని నమ్మి బకెట్ దించకండి. కడప వైపు రెండడుగులు తవ్వితే బండ తగిలే చోట్లు బోలెడు, అక్కడ కేబుల్ వేసిన కాంట్రాక్టరు బండ పగలగొట్టి మీటరు లోతుకు పోయాడంటే నేను నమ్మను, బండ మీదే పడుకోబెట్టి పైన మట్టి పోసి ఉంటాడు. రోడ్డు చెక్కి లెవెల్ దించిన చోట లోతు తగ్గుతుంది, పొర మీద పొర బీటీ వేసుకుంటూ పోయిన చోట పెరుగుతుంది. రికార్డులో ఉన్న లోతు వేసిన రోజు లోతు, ఈరోజుది కాదు.

మనుషుల్ని అడగడం

ఆఫీసు డ్రాయింగ్ కన్నా నీళ్ళు వదిలే మనిషి బుర్ర గట్టిది. ఏ వార్డులో అయినా వాల్వ్ తిప్పే మనిషి ఒకడుంటాడు, పదిహేనేళ్ళుగా అవే గుంతల్లో చేతులు పెడుతుంటాడు. అతన్ని పిలిపించి, టీ ఇప్పించి, రోడ్డు మీద పక్కన నడిపించండి. కూర్చోబెట్టి అడిగితే ఒక మాట చెప్తాడు, నడిపిస్తే ఇంకో మాట చెప్తాడు. కల్లూరు వైపు ఒక వీధిలో విన్న మాట: "ఈ గుంత కాన్నుంచి లైను నేరుగా పోదు సార్, డ్రాయింగ్‌లో నేరుగానే ఉంటాది. ఆ యాపచెట్టు కాడ బండ తగిలిందని అప్పుడు పక్కకు తిప్పినారు, మళ్ళా ఆ కిరాణం అంగడి ముందర కలిపినారు." ఆ మలుపు ఏ కాగితంలోనూ లేదు. తవ్వబోయే గుంత సరిగ్గా ఆ వేపచెట్టు దగ్గరే.

లైన్‌మన్‌నూ, సచివాలయం ఎనర్జీ అసిస్టెంట్‌నూ అలాగే నడిపించండి. వీధిలో పాతకాలం అంగడి వాళ్ళని, ఇంటి ముందు కూర్చునే పెద్దాయన్ని కూడా అడగండి, "ఈ నడుమ ఇక్కడ ఎవరైనా తవ్వినారా పెద్దాయనా" అని. కంపెనీ పేరు తెలీకపోయినా "పోయిన దసరా ముందు రాత్రిపూట వచ్చి నల్ల పైపు చుట్టలు దింపినారు" అని చెప్తారు, మనకు కావాల్సింది అదే.

ఇక మన సీమలో ప్రత్యేకంగా ఒక తలనొప్పి ఉంది, ప్రైవేటు బోర్లు. ఇంటి బోరు ఎండిపోతే ఎదురు స్థలంలో బోరు వేసుకుని, రోడ్డు కింద నుంచి పైపూ మోటరు కేబులూ ఇంటికి లాక్కున్నవాళ్ళు ప్రతి కాలనీలో ఉంటారు. పల్లె రోడ్లలో ఇది ఇంకా ఎక్కువ, ఒకవైపు ట్రాన్స్‌ఫార్మర్, ఇంకోవైపు బోరు, మధ్యలో రోడ్డు, జానెడు లోతులో ఏ రక్షణా లేని కేబుల్. అది ఏ శాఖ రికార్డులోనూ ఉండదు, యాప్‌లోనూ ఉండదు. పనికి ముందురోజు రెండు పక్కలా ఇళ్ళ తలుపులు తట్టి, పొలాల వాళ్ళకు ఫోన్ చేసి, "రోడ్డు కింద మీదేమైనా పోతోందా" అని అడగడం తప్ప వేరే మందు లేదు. కొందరు పర్మిషన్ లేదని భయపడి చెప్పరు. "ఫైన్ వేయడానికి రాలేదన్నా, మా పిల్లోళ్ళకు షాక్ కొట్టకూడదని అడుగుతున్నా" అంటే చెప్తారు.

కళ్ళు తెరిచి నడవడం

తవ్వే చోటుకు రెండు వైపులా కనీసం ఇరవై ముప్పై మీటర్లు నడవండి. వాల్వ్ గుంతలు, మ్యాన్‌హోళ్ళు, ఫీడర్ పిల్లర్లు (వీధిలో కరెంటు పంచే ఇనుప పెట్టెలు), టెలిఫోన్ పెట్టెలు, గ్యాస్ వాళ్ళ మార్కర్లు, కేబుల్ రాళ్ళు, వీధి దీపాల స్తంభాలు, ఒక్కొక్కటీ ఎటు చూస్తోందో కలుపుకుంటూ పోతే లైను మీకే కనబడుతుంది. కరెంటు స్తంభం మీద నుంచి ఇనుప పైపులో కేబుల్ కిందికి దిగుతుంటే ఆగండి, అది భూమిలోకి దిగి ఎటో పోతోంది, ఎటు అనేది తేల్చకుండా కదలొద్దు. సీసీ రోడ్డు మీద వేరే రంగు కాంక్రీటు అతుకు, బీటీ మీద పొడుగ్గా సన్నగా కుంగిన గీత, ఇవన్నీ పాత కందకాల మచ్చలు. ఇళ్ళ ముందు కుళాయిలు రోడ్డుకు ఒకే పక్క ఉన్నాయా, రెండు పక్కలా ఉన్నాయా చూడండి. మెయిన్ లైను ఒక పక్కనే ఉంటే అవతలి పక్క ఇళ్ళన్నిటికీ అరంగుళం, ముప్పావు అంగుళం పైపులు రోడ్డును అడ్డంగా దాటుతున్నట్టే. వీటిని తెంపితే ప్రాణం పోదు గానీ వీధిలో ఆడవాళ్ళ నోట్లో పడి బయటికి రాలేరు.

మ్యాన్‌హోల్ మూత తీసి పైపు ఏ దిక్కుకు పోతోందో పై నుంచి టార్చి కొట్టి చూడండి, కడ్డీకి అద్దం కట్టి దించితే ఇంకా బాగా తెలుస్తుంది. మనిషిని మాత్రం దించొద్దు. ఒక్క నిమిషం కూడా వద్దు, "ఊరికే చూసి వస్తా సార్" అన్నా వద్దు. లోపల విషవాయువుకు మనిషి కుప్పకూలడానికి ఆ నిమిషం చాలు, అతన్ని కాపాడబోయి దిగినవాడు రెండో శవం అవుతాడు.

లొకేటర్ ఏం చెప్తుంది, ఏం చెప్పదు

కేబుల్ లొకేటర్, అంటే భూమిలో ఉన్న కేబుల్‌ను పై నుంచే వెతికే మెషిన్, అద్దెకు తెచ్చుకుంటే మంచిదే. కానీ దాన్ని వాడే తీరు చూస్తే ఒళ్ళు మండుతుంది. చేతిలో పట్టుకునే రిసీవర్ ఒక్కటే తెచ్చి, పవర్ మోడ్‌లో పెట్టి, రోడ్డు మీద ఒకసారి ఊపి "ఏం లేదు సార్" అనేస్తారు. పవర్ మోడ్ పసిగట్టేది పారుతున్న 50 హెర్ట్జ్ కరెంటు చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని. కరెంటు పారకపోతే అది మూగదే. వీధి దీపాల కేబుల్ పట్టపగలు పవర్ మోడ్‌కు దొరకదు, సాయంత్రం దీపాలు వెలిగాక చూడాలి లేదా పగలే ఒకసారి వేయించుకోవాలి. పొలం మోటరు కేబుల్ అయితే వ్యవసాయ ఫీడర్‌కు కరెంటు వచ్చే వేళల్లో, మోటరు ఆడుతుండగా చూడాలి. మూడు ఫేజుల్లో లోడు సమానంగా ఉన్న 11 కేవీ కేబుల్‌లో ఒక ఫేజు క్షేత్రాన్ని ఇంకోటి కొట్టేసుకుంటుంది, నిండా కరెంటు పారుతున్నా రిసీవర్ సన్నగా గునుస్తుందంతే. అన్నిటికన్నా ప్రమాదకరమైన కేబుల్ అన్నిటికన్నా మెల్లగా అరవడం ఇందులో ఉన్న అన్యాయం.

అందుకే ట్రాన్స్‌మిటర్ కూడా కావాలి. అది లైనులోకి మనం ఎంచుకున్న సిగ్నల్ పంపుతుంది, రిసీవర్ దాన్నే వెతుకుతుంది. ఇనుప నీళ్ళ పైపు అయితే వాల్వ్ దగ్గర నేరుగా తగిలించొచ్చు. కరెంటు కేబుల్‌కు క్లాంప్ వేయాలంటే ఆ పని కరెంటు శాఖ మనిషే చేయాలి, ఫీడర్ పిల్లర్ తలుపు మన మేస్త్రీ తెరవకూడదు. తక్కువ ఫ్రీక్వెన్సీ దూరం పోతుంది, పక్క లైన్లకు తక్కువగా పాకుతుంది. ఎక్కువ ఫ్రీక్వెన్సీ తేలిగ్గా ఎక్కుతుంది గానీ పక్కనున్న ప్రతి లోహానికీ అంటుకుని, లేని చోట ఉన్నట్టు చూపిస్తుంది. ట్రాన్స్‌మిటర్‌కు ఎర్త్ కడ్డీ పాతుతారు కదా, అనంతపురం ఎర్రనేలలో ఏప్రిల్, మే నెలల్లో ఆ కడ్డీకి ఎర్త్ సరిగా దొరకదు, సిగ్నల్ నీరసంగా ఉంటుంది, మెషిన్ చెడిపోయిందనుకుంటారు. కడ్డీ చుట్టూ ఒక బిందె నీళ్ళు పోసి పది నిమిషాలు ఆగండి, తేడా మీకే తెలుస్తుంది.

నడిచేటప్పుడు ఒక దిక్కుగానే నడవొద్దు. రోడ్డు పొడవునా ఒకసారి, అడ్డంగా ఒకసారి, గళ్ళు గళ్ళుగా తిరగాలి, ఎందుకంటే రిసీవర్ తన ముఖానికి అడ్డంగా పోయే లైన్‌నే బాగా పడుతుంది. లోతు చూపించినప్పుడు రిసీవర్‌ను ఒక అడుగు ఎత్తులో పెట్టి మళ్ళీ చూడండి, లోతు కూడా సరిగ్గా ఒక అడుగు పెరగాలి. పెరగకపోతే ఆ అంకె తప్పు, పక్కన ఇంకో లైన్ ఉండి గందరగోళం చేస్తోంది.

పీవీసీ, హెచ్‌డీపీఈ, పాత ఆస్‌బెస్టాస్ సిమెంటు పైపులు, లోహం లేని ఫైబర్ కేబుల్, ఇవేవీ లొకేటర్‌కు కనబడవు. ఖాళీ డక్ట్ (కేబుల్ దూర్చే గొట్టం) అయితే లోపలికి సిగ్నల్ ఇచ్చే కడ్డీ తోయొచ్చు. లేకపోతే నేల రాడార్, అదే జీపీఆర్. ఇక్కడ మట్టి తెలుసుకోవడం ముఖ్యం. నల్లరేగడి రాడార్ తరంగాల్ని మింగేస్తుంది, తడిగా ఉంటే మరీ, అర మీటరు కిందికి చూడటమే గగనం. కర్నూలు, నంద్యాల వైపు వానల తర్వాత జీపీఆర్ తెప్పించి డబ్బు పోసి "క్లియర్" అని రిపోర్టు తీసుకుంటే ఆ రిపోర్టుతో తేలింది ఏమీ లేదు, అక్కడ రాడార్‌కే కళ్ళు లేవు. అనంతపురం పొడి ఎర్రమట్టిలో బాగా పనిచేస్తుంది, కాకపోతే గుండ్రాళ్ళు కూడా పైపుల్లాగే తెర మీద వంపు గీతలు గీస్తాయి. కడపలో పొరలు పొరలుగా ఉండే నాపరాయి అడ్డంగా గీతలు చూపించి విసిగిస్తుంది. ఆపరేటర్‌ను ఒక్క ప్రశ్న అడగండి: ఈ మట్టిలో ఈరోజు నీ మెషిన్ ఎంత లోతు దాకా చూడగలదు? జవాబు మనం తవ్వే లోతుకన్నా తక్కువైతే ఆ డబ్బు కూలీలకిచ్చి ఇంకో రెండు గుంతలు తవ్వించడం మేలు.

గీతలు

దొరికినవన్నీ రోడ్డు మీద స్ప్రే పెయింట్‌తో గీయండి. అమెరికా పద్ధతిలో కరెంటుకు ఎరుపు, గ్యాస్‌కు పసుపు, టెలిఫోన్‌కు నారింజ, తాగునీళ్ళకు నీలం, మురుగుకు ఆకుపచ్చ, మనం తవ్వే హద్దుకు తెలుపు వాడతారు, అదే పెట్టుకుంటే గోల లేదు. రంగు ఏదైనా అందరికీ ఒకటే ఉండాలి, జేసీబీ ఆపరేటర్‌కు కూడా చెప్పి ఉండాలి. గీత పక్కన సైజు, అనుకుంటున్న లోతు రాయండి. రోడ్డు తవ్వగానే గీత కూడా పోతుంది కాబట్టి పక్క గోడ మీదో స్తంభం మీదో కొలతతో సహా ఇంకో గుర్తు పెట్టండి. ఫొటో తీయండి. అంతే.

ట్రయల్ పిట్ (చేత్తో తవ్వి చూసే గుంత): అసలు పని ఇదే

పైన చెప్పినవన్నీ అనుమానాలు. కంటితో చూసినప్పుడే నిజం. నా లెక్క ఒకటే, పైపును గానీ కేబుల్‌ను గానీ బయటపెట్టి చూడకుండా దానికి అటూ ఇటూ అర మీటరు లోపల జేసీబీ పళ్ళు దిగకూడదు. గీత కాస్త అటూ ఇటూగా ఉండొచ్చని అనుమానం ఉంటే మీటరు.

చదరపు గుంత కన్నా, అనుమానమున్న గీతకు అడ్డంగా సన్నటి కందకం తవ్వడం మంచిది, లైను కొంచెం పక్కకు జరిగున్నా దొరుకుతుంది. పై బీటీని మాత్రం కట్టర్‌తోనో చిన్న బ్రేకర్‌తోనో తీయండి, పొర దాటగానే మెషిన్ ఆపండి. ఆ తర్వాత చేతిపని. పారతో, అదీ పక్కల నుంచి చెక్కుతూ. గడ్డపార ఎత్తి నిలువునా పొడవడం పూర్తిగా బంద్, కేబుల్ పొడిచి ప్రాణాలు పోవడానికి జేసీబీయే అక్కర్లేదు, గడ్డపార మొన చాలు. గట్టిగా ఉంటే నీళ్ళు పోసి నాననివ్వండి, ఒక గంట ఆలస్యమైతే కొంప మునగదు.

మట్టిని చూస్తూ తవ్వమనండి, ఇది కూలీలకు నేర్పాల్సిన అసలు విద్య. బీటీ పోయాక మెటల్ వస్తుంది, తర్వాత గ్రావెల్, తర్వాత నల్లమట్టి. ఆ నల్లమట్టిలో ఉన్నట్టుండి పచ్చటి ఏటి ఇసుక పార అంచున మెరిసిందంటే ఆగిపోవాలి. రేగడిలో ఇసుక దానంతటది పుట్టదు, ఎవరో తెచ్చి పోశారు, కింద కేబుల్ పరుపు ఉంది. వరసగా పేర్చిన ఇటుకలు, సిమెంటు పలకలు, ఎరుపు పసుపు ప్లాస్టిక్ టేపు, ఇవీ అంతే. మన వైపు బేతంచెర్ల బండలు చవక కాబట్టి కేబుల్ మీద పలకలకు బదులు నాపరాళ్ళు పరిచిన చోట్లూ ఉంటాయి, పాత కాలువ మీద బండ అనుకుని గడ్డపారతో లేపొద్దు. అనంతపురంలో మట్టీ ఇసుకా రంగులో కలిసిపోతాయి, అక్కడ చూపు కన్నా చేయి నయం, గుల్లగా, మెత్తగా, గరగరలాడే పొర తగిలితే అది గతంలో ఎవరో తవ్వి పూడ్చిందే.

దొరికిందని ఆపేయొద్దు. ఒక 11 కేవీ దొరికితే దాని పక్కనే ఇంకోటి ఉండొచ్చు, నీళ్ళ పైపు కింద డ్రైనేజీ ఉండొచ్చు. రోడ్డు పనికి ఎంత లోతు కావాలో దానికన్నా ఒక అడుగు ఎక్కువే చూడండి. గుంత 1.5 మీటర్లు దాటేట్టుంటే పక్కలకు పలకలు కొట్టకుండా మనిషిని దించొద్దు, నల్లరేగడి గోడ నిలబడ్డట్టే ఉండి ఒక్కసారిగా కూలుతుంది. తీసిన మట్టి గుంత అంచున కాకుండా మీటరు అవతల పోయాలి.

బయటపడిన కేబుల్ చచ్చినట్టు కనబడినా బతికే ఉందనుకోండి. తుప్పు పట్టింది, తెగి ఉంది, "ఇది పాతదిలే సార్" అన్నారు, ఏదైనా సరే. దాన్ని కదిలించాల్సి వస్తే కరెంటు శాఖ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు ఆపాం, పని చేసుకోవచ్చనే అనుమతి) తీసుకోండి, అదీ రాతపూర్వకంగా, వాళ్ళ మనిషి వచ్చి టెస్ట్ చేసి ఎర్త్ చేశాకే. ఫోన్‌లో "ఆఫ్ చేసినాం, కానివ్వండి" అన్న మాటకు కూలీ చేయి పెట్టించొద్దు, ఏ ఫీడర్ ఆఫ్ చేశారో, మన ముందున్నది ఏ ఫీడరో ఇద్దరికీ తెలియని సందర్భాలే ఎక్కువ. మామూలు రబ్బరు గ్లౌజులు 11 కేవీ దగ్గర అలంకారం మాత్రమే.

బండ తగిలి చేతితో దిగని చోట బ్రేకర్ పెట్టాలనే ఆశ పుడుతుంది. కడప, బేతంచెర్ల వైపు ఇది రోజూ ఉండేదే. అక్కడ రెండే దారులు, ఒకటి లైను బండను దాటిన తర్వాత మెత్తటి చోట బయటపెట్టి అక్కడి నుంచి దాన్నే అనుసరిస్తూ రావడం, రెండోది ఎల్‌సీ తీసుకుని, నీళ్ళు కట్టేయించి, అప్పుడు బ్రేకర్. ధైర్యం చేసేయడం దారి కాదు.

మెషిన్ దిగాక

ఒక మనిషి పని తవ్వకం చూడటమే అయి ఉండాలి. ఫోన్లు, లెక్కలు, మట్టి ట్రాక్టర్లు అతనికి వద్దు. బకెట్‌కు, ఆపరేటర్‌కు ఇద్దరికీ కనిపించే చోట నిలబడి, ఇసుకో టేపో కనబడగానే చేయి ఎత్తాలి, ఆపరేటర్ మారు మాట్లాడకుండా ఆపాలి. ఈ ఒప్పందం పొద్దున్నే టీ దగ్గర చేసుకోండి. పళ్ళ బకెట్ కన్నా చదును అంచు బకెట్ నయం, పొరలు పొరలుగా గీస్తుంది. ఒక ఆపరేటర్ నాతో అన్నాడు, "గంటకు ఇంత అని ఇస్తారు గానీ ఆగినందుకు ఎవురూ ఇయ్యరు సార్" అని. నిజమే. కాబట్టి ఆగిన గంట కూడా లెక్కలో వేస్తామని ముందే చెప్పండి, మొహం తేడా కనిపిస్తుంది. అన్నట్టు, కిందే చూస్తూ పైన వైర్లు మర్చిపోవద్దు, జేసీబీ చేయి లేస్తే ఎల్‌టీ లైను ఎంతో దూరం ఉండదు.

తగిలితే

కరెంటు కేబుల్ తగిలితే ఆపరేటర్ క్యాబిన్‌లోనే ఉండాలి, వీలైతే బకెట్ వెనక్కి తీయాలి. మిగతావాళ్ళు కనీసం పది మీటర్లు దూరం పోవాలి, మెషిన్‌ను ఎవరూ ముట్టుకోకూడదు. మంటలు వస్తే తప్పదు కాబట్టి దూకాలి, రెండు కాళ్ళూ దగ్గరపెట్టి, మెషిన్‌నూ నేలనూ ఒకేసారి తాకకుండా దూకి, కాళ్ళు కలిపే చిన్న గెంతులతో దూరం పోవాలి, పెద్ద అంగలు వేస్తే రెండు పాదాల మధ్య వోల్టేజీ తేడా చంపేస్తుంది. 1912కు, సెక్షన్ ఏఈకి ఫోన్ చేయాలి. మెరుపు ఆగిపోయింది, అంతా నిశ్శబ్దంగా ఉంది అని దగ్గరికి పోవద్దు, ట్రిప్ అయిన లైనును సబ్‌స్టేషన్‌లో తెలియక మళ్ళీ చార్జ్ చేయొచ్చు.

గ్యాస్ పైపు తగిలితే ఇంజన్ ఆపి, అందరూ గాలి వచ్చే వైపుకు దూరంగా పోవాలి. బీడీ, స్విచ్, అక్కడే నిలబడి ఫోన్, ఏవీ వద్దు. పైపును మడతపెట్టి ఆపుదామనీ, మట్టి పోసి కప్పేద్దామనీ చూడొద్దు, కప్పితే గ్యాస్ మట్టిలోంచి పాకి పక్కింటి సంపులోకో డ్రైనేజీలోకో చేరుతుంది. దూరం వెళ్ళాక మార్కర్ మీది నంబరుకు, ఫైర్ స్టేషన్‌కు 101కు చేయండి. మార్కర్ మీది నంబరు పొద్దున్నే ఫోన్‌లో వేసుకుని ఉండాలి, తగిలాక మార్కర్ వెతుక్కుంటూ తిరిగే టైం ఉండదు.

చిన్న గీరుడు పడినా చెప్పండి. టేపు చుట్టి పూడ్చేస్తే ఈరోజు బాగానే ఉంటుంది, వానాకాలం నీళ్ళు దిగి ఆరు నెలలకు పేలుతుంది, అప్పుడు పక్కన ఎవరుంటారో తెలీదు.

పూడ్చేటప్పుడు

కేబుల్ చుట్టూ ఇసుక, పైన తీసిన ఇటుకలో పలకలో మళ్ళీ అలాగే, దాని మీద కొత్త హెచ్చరిక టేపు, ఆ తర్వాతే మట్టి. రాళ్ళున్న మట్టి నేరుగా పైపు మీద వేయొద్దు, వైబ్రేటరీ రోలర్ ఎక్కగానే ఆ రాయే పైపును చీలుస్తుంది. మొదటి రెండు పొరలు చేతి దిమ్మిసతోనే. పూడ్చకముందు టేపు పెట్టి లోతు, గోడ నుంచి దూరం కనబడేలా ఫొటో తీసి, ఏఈకి, సచివాలయం వాళ్ళకు పంపండి. డ్రాయింగ్‌లో లేని ప్రైవేటు కేబుల్ దొరికితే అది కూడా.

ఇక చివరిగా, బీటీ వేసే టీమ్ రాకముందు వాల్వ్ గుంతల మూతలు, మ్యాన్‌హోల్ మూతలు కొత్త రోడ్డు మట్టానికి ఎత్తించండి. ఎత్తకపోతే వాటి మీదే తారు పోసి పోతారు, వచ్చే ఎండాకాలం అదే వాల్వ్ మనిషి గడ్డపార పట్టుకుని కొత్త రోడ్డు మీద టక్‌టక్ కొడుతూ గుంత ఎక్కడుందా అని వెతుక్కోవాలి.